పచ్చి చేప లేకుండా ఇంట్లో సుషి రోల్స్: ఆఫీసు రోజుల్లో కూడా కుదిరే పద్ధతి

మీ ప్రశ్న మొత్తం చదివానండీ. ఎనిమిదో తరగతి చదివే అమ్మాయికి సుషి (పులుపు కలిపిన అన్నంతో చేసే జపాన్ వంటకం) అంటే ప్రాణం, హైదరాబాద్‌లో బయట తినిపిస్తే బిల్లు చూసి భయం వేస్తోంది, ఇంట్లో పచ్చి చేప పెట్టే ధైర్యం లేదు, అత్తగారు శాకాహారి, ఆఫీసు నుంచి వచ్చాక గంటలో భోజనాలు అయిపోవాలి, ఒకటి రెండుసార్లు చేసి చూస్తే రోల్ కోసేటప్పుడు అన్నమంతా విడిపోయింది. ఇన్ని సంగతులు కలిపి అడిగారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

పచ్చి చేప లేకపోతే అది అసలైన సుషి కాదేమో, పిల్లకు ఏదో సరిపెట్టినట్టు అవుతుందేమో అన్న అనుమానం మీ మాటల్లో కనిపించింది. ముందు అది వదిలేయండి. మేము జపాన్‌లోని యోకొహామాలో చాలా ఏళ్ళున్నాం, మా పిల్లలు అక్కడి బళ్ళోనే చదివారు. పచ్చి చేప ముక్కను అన్నం ముద్ద మీద పెట్టి ఇచ్చే నిగిరి తినాలంటే అక్కడి వాళ్ళు ఎక్కువగా హోటల్‌కు వెళ్తారు, లేదా సూపర్‌మార్కెట్‌లో ట్రే కొనుక్కుంటారు. ఇంట్లో చుట్టుకునేది చాలావరకు ఫుతోమాకి అనే లావు రోల్. అందులో మామూలుగా ఉండేవి తియ్యటి గుడ్డు అట్టు, సోయా సాస్‌లో ఉడికించిన షిటాకె పుట్టగొడుగులు, పాలకూర, కీరా, కంప్యో. ఒక్క కీరా తప్ప అన్నీ ఉడికినవే. కంప్యో అంటే ఒక కాయను సన్నటి రిబ్బన్లలా తీసి ఎండబెట్టింది. ఆ కాయ మన ఆనపకాయ జాతిదే. జపాన్‌లో పండే కంప్యోలో దాదాపు అంతా తొచిగి అనే ఒక్క ప్రాంతం నుంచే వస్తుంది. ఫిబ్రవరి మొదట్లో వచ్చే సెత్సుబున్ రోజున ఆ ఏటి శుభదిక్కుకు తిరిగి, మాట్లాడకుండా, కొయ్యని రోల్‌ను మొత్తం తినేసే ఆచారం ఒసాకా వైపు నుంచి వచ్చింది. 1990ల చివర్లో కన్వీనియన్స్ స్టోర్ల వల్ల దేశమంతా పాకింది. అప్పుడు తినేది కూడా ఈ లావు రోలే. కాబట్టి ఉడికించిన కూరలతో, గుడ్డుతో మీరు చుట్టబోయేది ఇంటి సుషి. దానికి తక్కువేం లేదు.

ఇక మీ రోల్ ఎందుకు విడిపోయిందో చూద్దాం. మీరు వాడింది సోనామసూరి అన్నారు. లోపం మీ చేతిలో లేదు, బియ్యంలో ఉంది. బియ్యపు పిండిపదార్థంలో అమైలోజ్, అమైలోపెక్టిన్ అని రెండు రకాలుంటాయి. అమైలోజ్ ఎక్కువున్న బియ్యం ఉడికాక మెతుకు మెతుకుగా విడివిడిగా వస్తుంది, చల్లారితే గట్టిపడుతుంది. మన ఇళ్ళలో పప్పు, పులుసు కలుపుకోవడానికి కోరుకునేది అదే గుణం. జపాన్ వాళ్ళు తినే పొట్టి గింజ బియ్యంలో అమైలోజ్ తక్కువ. అందుకే మెతుకులు ఒకదానికొకటి అంటుకుంటాయి, చల్లారినా మెత్తగానే ఉంటాయి. ఈ గుణం లేని బియ్యంతో ఎంత నొక్కి చుట్టినా కత్తి పెట్టేసరికి ఊడిపోతుంది.

అందుకని ఖర్చు పెట్టాల్సింది బియ్యం మీద. ఆన్‌లైన్‌లోనూ పెద్ద సూపర్‌మార్కెట్లలోనూ సుషి బియ్యం పేరుతో పొట్టి గింజ బియ్యం దొరుకుతోంది. కొషిహికారి రకం దొరికితే ఇంకా మంచిది. అమెరికాలో ఉండి ఇది చదివేవాళ్ళకు కాల్‌రోజ్ బియ్యం చాలు, అక్కడి కొరియా దుకాణాల్లో దొరుకుతుంది. అదీ దొరక్కపోతే సోనామసూరిలోనే కొత్త బియ్యం తీసుకోండి. కొత్త బియ్యం అన్నం ముద్దగా అవుతుందని మనం విసుక్కుంటాం కదా, ఇక్కడ ఆ ముద్దే పనికొస్తుంది. కాకపోతే దాంతో కోసే రోల్స్ చెయ్యకండి, చేతిలో చుట్టుకుని తినే రకం చెయ్యండి. దాని గురించి కింద రాశాను. బాస్మతి మాత్రం అసలు వద్దు.

నలుగురికి 300 గ్రాముల బియ్యం సరిపోతుంది. గిన్నెలో వేసి చల్లటి నీళ్ళు పోసి, వేళ్ళతో మెల్లగా తిప్పి, ఆ తెల్లటి నీళ్ళు వెంటనే పారబోయండి. నాలుగైదు నీళ్ళు మార్చాక కడుగు దాదాపు తేటగా వస్తుంది. పైనున్న పొడి పిండి పోవడానికే ఇదంతా. అది పోకపోతే అన్నం జిగటగా, జావలా అంటుకుంటుంది. మనకు కావలసింది ఆ జిగట కాదు, మెతుకు రూపం చెడకుండా అంటుకునే పట్టు. కడిగిన బియ్యాన్ని జల్లెడలో ఓ పది నిమిషాలు ఉంచి నీళ్ళన్నీ దిగిపోయాక, బియ్యం ఏ కప్పుతో కొలిచారో ఆ కప్పుతోనే సమానంగా నీళ్ళు పోయండి. తర్వాత వినెగర్ తడి చేరుతుంది కాబట్టి రోజూ తినే అన్నం కంటే ఇందులో నీళ్ళు కాస్త తగ్గాలి. అరగంట నానాక వండండి. పొద్దున్నే కడిగి, నీళ్ళతో సహా ఫ్రిజ్‌లో పెట్టి ఆఫీసుకు వెళ్తే సాయంత్రం ఆ అరగంట కూడా మిగులుతుంది. ఎండాకాలం బయట మాత్రం నానబెట్టి వదలకండి.

ఎలక్ట్రిక్ కుక్కర్ ఉంటే స్విచ్ వేసి మర్చిపోవచ్చు. లేకపోతే అత్తెసరు పెట్టినట్టే మందపాటి గిన్నెలో పెట్టి, పొంగు రాగానే మూత వేసి, సెగ బాగా తగ్గించి 12 నిమిషాలు ఉంచి ఆపేయండి. ఆ తర్వాత మూత తియ్యకుండా మరో 10 నిమిషాలు ఉమ్మగిల్లనివ్వాలి. చాలామంది తొందరలో ఇక్కడే మూత తీసేస్తారు. అప్పుడు పైన పలుకు, కింద ముద్ద అవుతుంది.

అన్నం ఉమ్మగిల్లేలోపు పులుపు కలపండి. 300 గ్రాముల బియ్యానికి 50 మిల్లీలీటర్ల రైస్ వినెగర్, ఒక టేబుల్ స్పూన్ పంచదార, ముప్పావు టీ స్పూన్ ఉప్పు. జపాన్‌లో ఇంతకంటే పంచదార ఎక్కువే వేస్తారు, రెండు టేబుల్ స్పూన్ల దాకా. మీరు ఆరోగ్యం కోసం అడిగారు కాబట్టి తగ్గించి చెప్పాను, రుచికి లోటు రాదు. పంచదార కరిగే దాకా కొంచెం వెచ్చబెడితే చాలు, మరిగించకండి. రైస్ వినెగర్ లేకపోతే యాపిల్ సైడర్ వినెగర్ 40 మిల్లీలీటర్లు తీసుకుని నీళ్ళతో సర్దండి. మన కిరాణా కొట్టులో దొరికే తెల్ల సింథటిక్ వినెగర్ ఘాటు ముక్కుకు కొడుతుంది, దాని బదులు సగం నిమ్మరసం, సగం నీళ్ళు నయం. జపాన్‌లో కూడా కొన్ని ప్రాంతాల్లో యుజు లాంటి నిమ్మజాతి పళ్ళ రసంతో సుషి అన్నం కలుపుతారు.

కలిపే తీరు మన పులిహోరకు తలకిందులు. పులిహోరకు అన్నం ఆరబెట్టి, మెతుకు విడిపడ్డాక కలుపుతాం. దీనికి అన్నం పొగలు కక్కుతుండగానే వెడల్పాటి పళ్ళెంలోకి తీసి, పులుపు నీళ్ళు అంతటా పడేలా గరిటె మీదుగా పోసి, గరిటె అంచుతో కోస్తున్నట్టు కలపాలి. వేడి మీదే మెతుకు ఆ పులుపును లోపలికి పీల్చుకుంటుంది. చల్లారితే పైపైనే తడిగా ఉండిపోతుంది. రుద్దితే, పిసికితే చెడిపోతుంది. అడుగునున్న అన్నం పైకి తిప్పుతూ, ఇంకొకరిని విసనకర్రతో విసరమనండి. ఈ పని పిల్లలకు అప్పజెప్పండి, వాళ్ళకు సరదా. రెండు మూడు నిమిషాలకు మెతుకుల మీద మెరుపు వస్తుంది. చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలేదాకా ఆరాక తడి గుడ్డ కప్పండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు. ఫ్రిజ్ చలికి పిండిపదార్థం గట్టిపడి, మెతుకులు ఇసుకలా అవుతాయి.

లోపల పెట్టేవాటికి ఒకటే నియమం: తడి ఉండకూడదు, వేడి ఉండకూడదు, చిటికెన వేలంత పొడవాటి ముక్కలుగా ఉండాలి. తడి ఉంటే నోరి, అంటే రోల్ చుట్టే ఎండు సముద్రపు నాచు షీటు, నాని చిరుగుతుంది. వేడి ఉంటే రోల్ లోపల ఆవిరి పట్టి, తొందరగా పాడవుతుంది.

గుడ్డుతో మొదలుపెట్టండి. మూడు గుడ్లు, రెండు టేబుల్ స్పూన్ల నీళ్ళు, ఒక టీ స్పూన్ సోయా సాస్, ఒక టీ స్పూన్ పంచదార. నురుగు రాకుండా కలపండి. జపాన్‌లో దీనికి నలుచదరపు పెనం వాడతారు, మీ దోసె పెనమే చాలు. నూనెలో ముంచిన గుడ్డ ముక్కతో పెనం తుడిచి, మూడో వంతు మిశ్రమం పల్చగా పోయండి. పైన ఇంకా కొంచెం చెమ్మ ఉండగానే ఒక అంచు నుంచి చుట్టుకుంటూ అవతలికి తోసి, ఖాళీ అయిన చోట మళ్ళీ నూనె తుడిచి, ఇంకో మూడో వంతు పోసి, చుట్టిన దాని కిందికి కూడా కాస్త పారనిచ్చి, మళ్ళీ చుట్టండి. మూడుసార్లకు పొరలు పొరలుగా దిమ్మెలా వస్తుంది. మధ్యలో పచ్చి లేకుండా మూత పెట్టి ఒక నిమిషం ఉంచి, చల్లారాక పొడవుగా కొయ్యండి. మొదట్లో ఆకారం వంకరగా వచ్చినా ఫర్వాలేదు, రోల్ లోపల అది ఎవరికీ కనపడదు.

పిల్లలకు బాగా నచ్చేది ట్యూనా మేయో. జపాన్‌లో రోల్స్‌కీ, అన్నం ముద్దలకీ ఇది అందరికీ ఇష్టమైన పూర్ణం. డబ్బాలోని ట్యూనా ఉడికినదే. జల్లెడలో వేసి చెంచా వెనకవైపుతో గట్టిగా ఒత్తండి, పొడిపొడిగా అయ్యేదాకా. అప్పుడు ఒక డబ్బాకు ఒక టేబుల్ స్పూన్ మేయోనీజ్ చాలు. అందులో సగం బదులు గుడ్డలో కట్టి నీరు తీసిన పెరుగు వేసినా బాగుంటుంది. కొంచెం మిరియాల పొడి చల్లండి. నీళ్ళు ఒత్తకుండా కలిపితే రెండింతలు మేయో పట్టి కూడా జారుగానే ఉంటుంది. బయట కొన్న రోల్స్ బరువుగా అనిపించడానికి ఈ మేయోనీజే పెద్ద కారణం.

రొయ్యలు పెడితే ఉడికేటప్పుడు చుట్టుకుపోకుండా ఒక చిట్కా ఉంది. పెంకు తియ్యకముందే తల వైపు నుంచి తోక దాకా, పొట్ట పక్కన పెంకు కింద సన్నటి వెదురు పుల్ల గుచ్చండి. ఉప్పు నీళ్ళలో రెండు మూడు నిమిషాలు ఉడికించి, చల్లటి నీళ్ళలో వేసి, పుల్లను తిప్పుతూ బయటికి లాగండి. రొయ్య నిటారుగా ఉంటుంది. పెంకు వలిచి, నల్ల నరం తీసి, గుడ్డతో అద్దండి. చికెన్ అయితే ఎముక లేని తొడ మాంసాన్ని పెనం మీద రెండువైపులా కాల్చి, సోయా సాస్, కాస్త పంచదార, నీళ్ళు పోసి, సాస్ చిక్కబడి ముక్కకు అంటుకునే దాకా ఉంచండి. మధ్యలో గులాబీ రంగు ఉండకూడదు. వంటకాల్లో మిరిన్ అని రాసి ఉంటుంది. అది ఆల్కహాల్ ఉన్న బియ్యపు మద్యం, ఇంట్లో వద్దనుకుంటే పంచదార, నీళ్ళు చాలు.

పీత కర్రలని ఎర్రటి అంచుతో ఫ్రోజెన్ పాకెట్లలో వచ్చేవి పీత మాంసం కాదు, తెల్ల చేప ముద్దలో పిండి, పంచదార, ఉప్పు కలిపి ఆవిరి మీద ఉడికించినవి. చవక, పని సులువు, ఎప్పుడైనా వాడొచ్చు. కానీ వాటినే రోజూ మాంసకృత్తుల కింద లెక్కేసుకోకండి. స్మోక్డ్ సాల్మన్ ఉడికిందే కదా అని చాలామంది అనుకుంటారు. పల్చటి పొరలుగా, పచ్చి చేపలాగే మెత్తగా, మెరుస్తూ ఉండే రకం చల్లటి పొగ మాత్రమే పట్టినది, వేడికి ఉడికినది కాదు. గర్భిణులు, చిన్నపిల్లలు, ముసలివాళ్ళు దానికి దూరంగా ఉండాలి. సాల్మన్ కావాలంటే ఒక ముక్కకు ఉప్పు రాసి పెనం మీద పూర్తిగా కాల్చి, పొడిగా విడదీసి పెట్టండి, రుచి కూడా బాగుంటుంది.

మీ అత్తగారి రోల్ విషయానికి వస్తాను. నాకు అన్నింటికంటే ఇష్టమైనది ఆ శాకాహార రోలే. పాలకూరను కాడలతో సహా మరిగే నీళ్ళలో ఒక్క నిమిషం ఉంచి, చల్లటి నీళ్ళలో వేసి పిండాలి. చేత్తో ఎంత పిండినా కొంచెం నీరు మిగిలిపోతుంది. మా పక్కింటావిడ పాలకూర కట్టను సుషి చుట్టే వెదురు చాపలోనే పెట్టి, చుట్టి, రెండు చేతులా మెలితిప్పేది. చాప సందుల్లోంచి ఆకుపచ్చ నీరంతా కారిపోయి, లోపల పాలకూర గట్టి కర్రలా, కోయడానికి సిద్ధంగా ఉండేది. అలా పిండాక నువ్వుల పొడి, రెండు చుక్కల సోయా కలపండి. క్యారెట్ సన్నగా పొడుగ్గా తరిగి, కొంచెం నువ్వుల నూనెలో చిటికెడు ఉప్పేసి రెండు నిమిషాలు వేయించండి. కీరా పొడవుగా చీల్చి గింజల భాగం గీకేయండి, నీరంతా ఉండేది అక్కడే. ఎండు షిటాకె దొరికితే రాత్రంతా నానబెట్టి, నానిన నీళ్ళతోనే సోయా, పంచదార వేసి, నీరు ఇగిరేదాకా ఉడికించండి. మాంసాహారం లేని రోల్‌కు గట్టి రుచినిచ్చేది అదే. టోఫు (సోయా పనీర్) అయితే గుడ్డలో చుట్టి పైన బరువు పెట్టి నీరు తీసి, పెనం మీద నాలుగువైపులా ఎర్రగా కాల్చి కొయ్యండి. చిలగడదుంప ఆవిరి మీద ఉడికించి పెట్టినా పిల్లలు ఇష్టంగా తింటారు.

శాకాహారం వండేటప్పుడు రెండు జాగ్రత్తలు. పాకెట్ల వెనక ఏముందో చదవండి. సిద్ధంగా కలిపి అమ్మే కొన్ని సుషి వినెగర్లలో, సూప్ పొడుల్లో ఎండు చేప సారం ఉంటుంది. మేయోనీజ్‌లో గుడ్డు ఉంటుంది, గుడ్డు లేనిది కావాలంటే విడిగా అడిగి కొనాలి. ఇంకోటి, ఆవిడ రోల్స్ ముందు చుట్టి, కోసి, వేరే పళ్ళెంలో పెట్టేశాక మిగతావి మొదలుపెట్టండి. చాప, కత్తి, పలక కడగాల్సిన పని మధ్యలో రాదు.

ఇప్పుడు చుట్టడం. నోరి షీటు ఒకటి సుమారు 21 సెంటీమీటర్ల పొడవు, 19 వెడల్పు ఉంటుంది. ఒకవైపు నున్నగా, ఒకవైపు గరుకుగా ఉంటుంది. గరుకు వైపు పైకి పెట్టండి, అన్నం దానికే బాగా పడుతుంది. హైదరాబాద్ వానాకాలంలో పాకెట్ తెరిచిన రెండు రోజులకే నోరి మెత్తబడుతుంది. అప్పుడు పెనం మీద కొన్ని సెకన్లు వెచ్చబెడితే, నలుపు కాస్త ఆకుపచ్చకు తిరిగి మళ్ళీ కరకరలాడుతుంది. డబ్బాలో బిగించి పెట్టుకోండి.

వెదురు చాప మీద ప్లాస్టిక్ ఫిల్మ్ కప్పితే కడిగే పని తప్పుతుంది. చాప లేకపోతే మందపాటి టవల్ మీద ఫిల్మ్ పరిచినా పనవుతుంది. పక్కన గిన్నెలో నీళ్ళు, అందులో ఒక చెంచా వినెగర్. చేతులు ఆ నీళ్ళలో తడిపి, ఎక్కువైన నీటిని దులిపేయండి. తడి ఎక్కువైతే నోరి నానిపోతుంది, అసలు లేకపోతే అన్నమంతా వేళ్ళకే అంటుకుంటుంది. పెద్ద బత్తాయి పండంత అన్నం, అంటే 140 గ్రాములు, తీసుకుని షీటు మధ్యలో పెట్టి, వేళ్ళ కొనలతో నాలుగు వైపులకూ జరపండి. నొక్కొద్దు, జరపడమే. అవతలి అంచున రెండు సెంటీమీటర్లు ఖాళీ వదలండి. మెతుకుల సందుల్లోంచి అక్కడక్కడా నల్లటి నోరి కనిపిస్తుండాలి. అన్నం అంత పల్చగా ఉంటేనే రోల్ మూసుకుంటుంది. బయటి హోటళ్ళలో వేసేదాని కంటే ఇది తక్కువే. ఆరోగ్యపరంగా మీకు కలిసొచ్చేది కూడా ఇక్కడే.

పూర్ణం మీకు దగ్గరగా, షీటులో మూడో వంతు దగ్గర అడ్డంగా వరసగా పేర్చండి. గట్టివి కింద, ట్యూనా లాంటి మెత్తవి వాటి మధ్యన. బొటనవేళ్ళతో చాపను కింది నుంచి ఎత్తుతూ, మిగతా వేళ్ళతో పూర్ణాన్ని లోపలికి అదిమి పట్టుకుని, ఇవతలి అంచును అవతల అన్నం అయిపోయే గీత దగ్గరికి ఒక్క ఊపులో తీసుకెళ్ళండి. ఇది సగం సగం చెయ్యకూడదు, ఆగితే పూర్ణం జారుతుంది. అక్కడ చాప మీదుగా ఒకసారి గట్టిగా, సమానంగా అదిమి, చాప వెనక్కి లాగి, మిగిలిన ఖాళీ అంచు మీదుగా దొర్లించండి. అతుకు కిందికి ఉండేలా రెండు మూడు నిమిషాలు వదిలేస్తే అన్నం తడికి నోరి మెత్తబడి తనంతట తానే అతుక్కుంటుంది. నీళ్ళు రాసి అంటించాల్సిన పని లేదు.

కోసేముందు కత్తి పదును చూసుకోండి. తడి గుడ్డతో కత్తి తుడిచి, మధ్యలో రెండుగా కోసి, రెండు సగాలూ పక్కపక్కన పెట్టి ఒక్కొక్కటి నాలుగు ముక్కలు. ప్రతి కోతకూ కత్తి తుడవాలి. కిందికి నొక్కకుండా ముందుకూ వెనక్కూ లాగుతూ కొయ్యాలి. మీ రోల్ విడిపోయింది బియ్యం వల్లనే అన్నాను గానీ, మొద్దు కత్తితో నొక్కితే మంచి బియ్యం రోల్ కూడా చితికిపోతుంది.

ఇదంతా చదివి టెన్షన్ పడకండి, ఆఫీసు రోజున మీరు చెయ్యాల్సింది ఇంత కాదు. ముందు రోజు రాత్రి గుడ్డు, క్యారెట్, పాలకూర చేసి మూత గిన్నెల్లో ఫ్రిజ్‌లో పెట్టండి. సాయంత్రం రాగానే కుక్కర్ స్విచ్ వెయ్యండి. స్నానం, పిల్ల హోంవర్కు అయ్యేలోపు అన్నం ఉమ్మగిల్లుతుంది. పులుపు కలిపి ఆరబెట్టడం పదిహేను నిమిషాలు. ఆ తర్వాత చుట్టకండి! జపాన్ ఇళ్ళలో తెమాకి రాత్రి అని ఉంటుంది. అన్నం, సగానికి కోసిన నోరి ముక్కలు, పూర్ణాలు అన్నీ టేబుల్ మధ్యలో పెట్టేస్తారు. ఎవరికి కావలసింది వాళ్ళు ఎడమ అరచేతిలో నోరి పెట్టుకుని, రెండు చెంచాల అన్నం ఒక పక్కకు పరిచి, పూర్ణం పెట్టుకుని, పొట్లంలా కోణంగా చుట్టుకుని అప్పటికప్పుడు తింటారు. చాప అక్కర్లేదు, కత్తి అక్కర్లేదు, నోరి కరకరలాడుతుంది. మీ అత్తగారికి నచ్చింది ఆవిడ, మీ అమ్మాయికి నచ్చింది తను పెట్టుకుంటారు. అన్నం చాలా తక్కువ పడుతుంది కూడా. నన్నడిగితే రోజువారీకి తెమాకి, ఆదివారానికి కోసే రోల్స్.

ఆరోగ్యం సంగతి సూటిగా చెప్తాను. 100 గ్రాముల ఉడికిన తెల్లన్నం సుమారు 130 క్యాలరీలు. నేను చెప్పిన పల్చటి రోల్‌లో అన్నం తాలూకు 180 క్యాలరీలు ఉంటాయి. దానికి గుడ్డు, కూరలు కలిసినా ఒక రోల్, పక్కన ఒక గిన్నె సూపు లేదా సలాడ్, ఓ పిల్లకు మంచి భోజనమే. షుగర్ ఉన్నవాళ్ళు పులుపులో వేసే చెంచా పంచదార గురించి భయపడతారు గానీ, చూసుకోవాల్సింది అన్నం పరిమాణం. వాళ్ళకు అన్నం సగం తగ్గించి, గుడ్డు, టోఫు, ఆకుకూర పెంచి చుట్టండి. ముడిబియ్యం కలపాలంటే పొట్టి గింజ ముడిబియ్యమే తీసుకుని, విడిగా కనీసం రెండు గంటలు నానబెట్టి, మూడో వంతుకు మించకుండా కలపండి. అంతకంటే ఎక్కువైతే పట్టు తగ్గుతుంది.

అసలు జాగ్రత్త పడాల్సింది సోయా సాస్ దగ్గర. ఒక టేబుల్ స్పూన్ సోయా సాస్‌లో దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. పెద్దవాళ్ళకు రోజు మొత్తానికి 2,000 లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గిన్నె నిండా పోసుకుని ముక్కను ముంచి తీస్తే అన్నం స్పాంజిలా పీల్చేస్తుంది. మనిషికి ఒక టీ స్పూన్ చొప్పున చిన్న పళ్ళెంలో పోయండి, ముక్కను పూర్ణం వైపు మాత్రం తాకించండి. లోపల చికెన్‌కో షిటాకెకో ముందే సోయా పట్టి ఉంటే అసలు అక్కర్లేదు. మామూలు సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది, పడనివాళ్ళు గోధుమ లేదని రాసి ఉన్న తమారి అనే రకం సోయా సాస్ చూసుకోవాలి. ఇంకొకటి, అన్నంలో కొంబు అనే సముద్రపు నాచు ముక్క వేసి వండమని చాలా వంటకాల్లో ఉంటుంది. అందులో అయోడిన్ బాగా ఎక్కువ, థైరాయిడ్ మందులు వాడేవాళ్ళున్న ఇంట్లో మానెయ్యండి. నోరిలో దానికంటే చాలా తక్కువ, వారానికోసారి తింటే ఇబ్బంది లేదు.

స్కూల్ బాక్సులో పెట్టొచ్చా అని కూడా అడిగారు. పెట్టొచ్చు గానీ, ఎండాకాలం వద్దు. ఉడికిన అన్నాన్ని గంటల తరబడి వెచ్చగా ఉంచితే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా పెరుగుతుంది. అది వదిలే విషం మళ్ళీ వేడి చేసినా పోదు. వినెగర్ దాన్ని కొంత అడ్డుకుంటుంది, కానీ ఇంట్లో మనం వేసే పాళ్ళలో దాని మీదే భరోసా పెట్టుకోలేం. బయటి వేడిలో రెండు గంటలు, 32 డిగ్రీలు దాటితే ఒక గంట, అంతకు మించి ఉంచకూడదని లెక్క పెట్టుకోండి. బాక్సులో తప్పదంటే పొద్దున్నే చుట్టి, పూర్తిగా చల్లారాక, ఐస్ ప్యాక్‌తో మూసే సంచిలో పెట్టండి. అందులో పాలకూర, క్యారెట్, బాగా ఉడికిన గుడ్డు మాత్రమే పెట్టండి. ట్యూనా మేయో, రొయ్యలు ఇంట్లో తినే రోజుకు ఉంచండి.

రోల్స్ మిగిలిపోతే గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టేయండి, మర్నాడు పొద్దున్నే వాడెయ్యండి. అన్నం గట్టిపడి ఉంటుంది కాబట్టి అలాగే తినలేరు. కొరియా వాళ్ళు కింబాప్ అనే తమ నోరి రోల్ మిగిలితే, దాన్ని గుడ్డులో ముంచి పెనం మీద కాలుస్తారు. ఈ ముక్కలకూ ఆ పద్ధతి చక్కగా కుదురుతుంది. కొట్టిన గుడ్డులో రెండువైపులా ముంచి, కొద్దిగా నూనెలో, సన్న సెగ మీద, ముక్క మధ్య దాకా పొగలు వచ్చేలా కాల్చండి. వేడికి అన్నం మళ్ళీ మెత్తబడుతుంది. అత్తగారి ముక్కలకు గుడ్డు బదులు శనగపిండి జారుగా కలిపి వాడండి.